దిష్టిబొమ్మ అసలు, వీరాస్వామి నకలు

మానవ క్లోనింగ్ అనే మహత్కార్యాన్ని భూమండలం మీద మొట్టమొదట సాధించిన ఘనత తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల మధ్యనున్న నేలకే దక్కుతుందని ఈ వ్యాసకర్త సవినయంగా ప్రకటిస్తున్నాడు. పరాయి దేశాలవాళ్ళు గొర్రె దగ్గర ఆగిపోయారు. మనవాళ్ళు ఏకంగా మనిషిని, అందులోనూ అరవై దాటిన మనిషిని, ప్రయోగశాల లేకుండా, శాస్త్రవేత్త లేకుండా, ఒక్క సూది గుచ్చకుండా నలభై పైచిలుకు ప్రతులు తీశారు. (అందులో సగం రోజులు కరెంటు కూడా లేదు.) ఇంత జరిగినా ఒక్క సన్మానసభ పెట్టినవాడు లేడు. మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా.

ఈ విజయానికి మూలపురుషుడు మా వీధి కుర్రాడు కిరీటి. తెనాలిలో వాళ్ళ నాన్నకు ఎరువుల కొట్టుంది. వీడు ఆ కొట్టు వెనక గదిలో కూర్చుని ‘జాడీ మనుషులు’ అనే బొమ్మల కథల పుస్తకాలు సొంతంగా గీసి, సొంతంగా అచ్చు వేయించి, సొంతంగా ఇంట్లోనే పేర్చుకుంటూ ఉంటాడు. అది వైజ్ఞానిక భయానక ధారావాహిక. అందులో డాక్టర్ కాలకూటం అనే దుర్మార్గుడు అంగలకుదురు పొలాల మధ్య పాడుబడిన రైసుమిల్లులో చేరి, మనిషి రక్తపు చుక్కను ఆవకాయ జాడీలో వేసి, వాసెన కట్టి, మూడోరోజున తిరగగలుపుతాడు. ఊట తేలుతుంది. ఆ మర్నాడు జాడీలోంచి అదే మనిషి ఇంకొకడు లేచి నిలబడతాడు. ప్రతి సంచిక చివరి పేజీలోనూ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి “అసలువాణ్ణి నేనే!” అని అరుస్తారు.

తెనాలి పాఠకులు భయపడలేదు, ప్రశ్నలు వేశారు. జాడీలోంచి లేచినవాడికి ఇంటిపేరు ఉంటుందా? గోత్రం అదేనా? వాడికి పిల్లనివ్వాలంటే ఎవరితో మాట్లాడాలి? నూనె ఎంత పోశాడో ఎందుకు రాయలేదు? నిజంగా జనాన్ని వణికించింది ఒక్కటే పేజీ. అయిదో సంచికలో జాడీ మనిషి తిన్నగా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, పొలంలో సగం వాటా అడుగుతాడు. సంగం జాగర్లమూడిలో కాలవ కింద మాగాణి ఉన్న సంజీవరావుగారు ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి చెంబెడు మంచినీళ్ళు తాగారట. ఆరో సంచిక కొనలేదు.

ఏడో సంచికలో క్లోనుగా మారేవాడు సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. అలాంటి ముఖం కోసం కిరీటి రేపల్లె దిగువనున్న ఒక రేవుకు వెళ్ళాడు. అక్కడ తన పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న వీరాస్వామి కనిపించాడు. ఎండకు, ఉప్పుగాలికి మాడి, కళ్ళు సగం మూసి, ఎవరో తనకు బాకీ ఉన్నట్టు సముద్రం వైపు చూసే ముఖం.

“బాబాయ్, మీ ముఖం గీసుకోవచ్చాండీ?”

“ఏంటబ్బాయ్, దేనికి? మళ్ళీ ఏదైనా కార్డు మారుస్తున్నారా?”

“కాదండి, దయ్యంలాంటి బొమ్మకి.”

“ఓస్, అంతేనా! గీసుకో. పళ్ళు మాత్రం బాగా బయటికి పెట్టు, మా ఆవిడ గుర్తుపట్టకూడదు.”

ఆవిడ, అంటే కోటమ్మ, బొమ్మ చూసిన మరుక్షణం గుర్తుపట్టింది. “పళ్ళు తప్ప అంతా ఈయనే. ఆ పళ్ళు కూడా కూరలో ఉప్పు తగ్గిన రోజు అలాగే ఉంటాయి” అంది.

ఏడో సంచిక ఎలాగైనా అమ్ముడుపోవాలని కిరీటి దానితోపాటు ఒక అట్టబొమ్మ ఉచితంగా ఇచ్చాడు. అటూ ఇటూ కదిపితే కళ్ళు మూసి తెరిచే రకం. వీరాస్వామి ముఖం, ఎర్రటి కళ్ళు, కోరపళ్ళు. జనం ఎగబడ్డారు. పుస్తకం కోసం కాదు లెండి. “బాబూ, ఆ పుస్తకం నువ్వే ఉంచుకో, బొమ్మ ఒక్కటీ ఇవ్వు, కట్టే ఇంటికి దిష్టి తగులుతోంది” అని వచ్చారు. చూస్తూండగానే తెనాలి నుంచి రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా, సగం లేచిన ప్రతి ఇంటి గుమ్మం మీదా వీరాస్వామి వేలాడాడు. గాలి వీస్తే కళ్ళార్పేవాడు. దిష్టిబొమ్మకు అంతకంటే ఏం కావాలి? సాహిత్యంలో ఓడిపోయిన కిరీటి గృహనిర్మాణ రంగంలో నిలదొక్కుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పైవాళ్ళు ‘ఏకముఖి’ అనే యాప్‌ను ప్రజలకు అంకితం చేశారు. ఒక మనిషికి ఒకే ముఖం ఉండాలనేది దాని మహదాశయం. (పైవాళ్ళకు ఈ నిబంధన వర్తించదు.) ఇల్లు కట్టేవాడు ఇంటి ముందు, పడవ ఉన్నవాడు పడవ ముందు నిలబడి ఫోటో దిగాలి. కళ్ళార్పాలి. ఆర్పితేనే బతికున్నట్టు. ఇళ్ళ యజమానులు ఎండకు కళ్ళు చికిలించి, మొహం చిట్లించి, ఎవరికీ పనికిరాని విధంగా నిలబడ్డారు. వాళ్ళ నెత్తిమీద, గుమ్మానికి వేలాడుతూ, నిటారుగా, స్పష్టంగా, గాలికి చక్కగా కళ్ళార్పుతూ ఇంకొక ముఖం కనిపించింది. యాప్ ఏ ముఖాన్ని పట్టుకుందో వేరే చెప్పాలా?

ఏకముఖి నియమావళిలో తొమ్మిదో నిబంధనను ఇక్కడ యథాతథంగా ఇస్తున్నాను: “ఒకే ముఖము ఒకటికి మించిన చోట్ల కనిపించినచో, మొదట నమోదైనది అసలుగాను, తక్కినవి నకళ్ళుగాను పరిగణించవలెను. నకలుకు ఏ అనుమతియు ఇవ్వరాదు. నకలు సంతకము చెల్లదు.” దీన్ని రాసిన చేతికి ఏదో ఒక రోజు కంకణం తొడగాలి, ఏ లోహంతోనో నేను చెప్పను.

వేట నిషేధం ముగుస్తోంది. రెండు నెలలు ఒడ్డున పడుకున్న పడవలన్నిటికీ రంగులు వేశారు, ఇంజన్లు విప్పి బిగించారు. ఏకముఖి అనుమతి ఉన్న పడవే రేవు దాటాలన్నారు. వీరాస్వామి తెల్లచొక్కా వేసుకుని ఊరి సచివాలయానికి వెళ్ళాడు. అక్కడి డిజిటల్ అసిస్టెంటు శ్రావణి ఆ వీధి పిల్లే.

“పెదనాన్నా, కళ్ళార్పండి.”

“ఆర్పాను కదమ్మా.”

“ఎప్పుడు?”

ఇక్కడ వీరాస్వామి పక్షాన ఒక మాట చెప్పాలి. నలభై ఏళ్ళు నీళ్ళ మీద ఎండను చూసిన కళ్ళు అవి. సగం ఎప్పుడూ మూసే ఉంటాయి. మిగతా సగం మూసినా ఫోనుకు తేడా తెలియదు. ‘ప్రాణము కనబడుటలేదు’ అని చూపించింది.

“నాకా?” అన్నాడు వీరాస్వామి.

“మీకేనండి. ఇంకోసారి ఆర్పండి, గట్టిగా.”

చివరికి శ్రావణి ఆయన మొహం మీద చేటతో విసిరితే ఒకసారి రెప్పలు పడ్డాయి. ప్రాణం వచ్చింది. వెంటనే ఇంకో సంగతి వచ్చింది.

“పెదనాన్నా, మీకు అంగలకుదురులో ఇల్లుందా?”

“నాకు ఇక్కడ ఉన్నదాని గోడే పడిపోయింది కదమ్మా.”

“తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో, అన్నీ కలిపి నలభైకి పైగా చోట్ల ఉన్నారండి మీరు. మొదట అంగలకుదురులో సుబ్బాయమ్మగారి ఇంటి దగ్గర నమోదయ్యారు. అందుకని అసలు అక్కడున్నాయన. మీరు…” ఆ పిల్ల గొంతు తగ్గించింది, “నకలంట.”

కబురు తెలియగానే కిరీటి వీరాస్వామిని వెంటబెట్టుకుని బాపట్ల బయల్దేరాడు. ఆఫీసర్లతో మంచి తెలుగు మాట్లాడతానని నాకొక పేరుంది, అందుకని నన్ను కూడా లాక్కెళ్ళాడు. అక్కడ జిల్లా ఆఫీసు మెట్లెక్కి వెళ్తే చివరి గదికి ‘ముఖ సారూప్య పరిష్కార విభాగం’ అని బోర్డుంది. లోపల పూర్ణచంద్రరావుగారు. మహా మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, ఆ తరువాతే కాదన్నాడు.

“అయ్యా, అది బొమ్మండి. నేను మనిషినండి” అన్నాడు వీరాస్వామి.

“మీరు మనిషి కాదని ఎవరన్నారు? మీరు నిక్షేపంలాంటి మనిషి. నకలు మనిషి. మా విభాగంలో నకళ్ళంటే చిన్నచూపేం లేదండి.”

“దానికి పళ్ళు ఇంత బయటికున్నాయండి!”

“పళ్ళ సంగతి వైద్యశాఖ చూసుకుంటుంది.”

“దానికి కాళ్ళూ చేతులూ లేవండి!” అన్నాడు కిరీటి. “మెడ దాకానే గీశాను!”

“అటువంటి వాళ్ళ పట్ల మనం మరింత సానుభూతి చూపించాలి బాబూ. పైగా అసలుగారు ఉన్నది గుంటూరు జిల్లాలో. ఈయనది బాపట్ల జిల్లా. వేరే జిల్లాలో ఉన్న అసలును ఈ జిల్లాలో ఉండి నేను శంకించడం మర్యాదగా ఉండదు.”

నాకు ఒళ్ళు మండింది. ఊరుకోలేక లేచాను. “ఏమండీ, ఎదురుగా ఊపిరి పీలుస్తున్న మనిషిని పెట్టుకుని, గుమ్మానికి కట్టిన అట్టముక్కను ‘గారు’ అంటారా మీరు?”

“మీరు ఏకముఖిలో నమోదయ్యారా?” అని అడిగాడాయన, ఎంతో సౌమ్యంగా.

నేను కూర్చున్నాను.

వీరాస్వామి అర్జీ పెట్టాడు. నకలు సంతకం చెల్లదని తిరిగి ఇచ్చేశారు. వేలిముద్ర వేస్తానన్నాడు. వేలు కూడా నకలుదేనన్నారు. అప్పటిదాకా ఓపిక పట్టిన మనిషి తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “అయ్యా, నాకు వేరే పని రాదు. పడవ ఒడ్డున పడుంటే నాకు అన్నం దిగదు. రేపు అందరి పడవలూ దిగుతాయి. నాదొక్కటీ ఇసకలో ఉండిపోతే నేను చూళ్ళేనయ్యా. నేను అసలో నకలో మీ ఇష్టం. నన్ను మాత్రం సముద్రం మీదికి పోనివ్వండి.”

పూర్ణచంద్రరావుగారు నిజంగానే కరిగాడు. కళ్ళజోడు తుడుచుకుని, నియమావళి ముందుకీ వెనక్కీ తిప్పి, “ఒక దారుందండి” అన్నాడు. “మీకు అనుమతి లేదు గానీ, మీ పేరూ పడవా ఇప్పుడు అసలుగారి ముఖానికే చేరాయి, ఆయనకు అనుమతి ఉంది కదా. ఆయన పడవెక్కితే పడవ వెళ్ళొచ్చు. ఆయన వెంట మీరు వెళ్తే మాకు అభ్యంతరం లేదు.”

తిరుగు బస్సులో కిరీటి నా వైపు తిరిగాడు. “నేనింక జాడీ మనుషులు ఆపేస్తానండి. నా కథలో కనీసం ఇద్దరూ అసలువాణ్ణి నేనే అని అరుస్తారు. ఇక్కడ ఒకడు నోరే తెరవడు, రెండోవాడు అరిచినా వినేవాడు లేడు. నాకు ఇంత భయంకరంగా రాయడం రాదు” అన్నాడు. వాడు మొదటిసారి సరైన సాహిత్య విమర్శ చేశాడని నాకనిపించింది.

అంగలకుదురులో సుబ్బాయమ్మగారు ఇసకరాశి పక్కన మంచం వేసుకుని తాపీమేస్త్రీల మీద ఓ కన్నేసి ఉంచారు. అసలుగారు గుమ్మం మీద హాయిగా కళ్ళార్పుతున్నారు. విషయం చెప్పాం.

“గృహప్రవేశం కాకుండా దిష్టిబొమ్మ తియ్యకూడదబ్బాయ్” అన్నారావిడ. “మొన్ననే స్లాబు పోశాం.”

“అమ్మగారూ, అది నా మొహమేనండి” అన్నాడు వీరాస్వామి.

ఆవిడ లేచి వచ్చి, బొమ్మనూ ఆయననూ మార్చి మార్చి చూశారు. “అయితే మరీ మంచిది. బొమ్మ తీసుకెళ్ళు, దాని చోట నువ్వు వేలాడు. మీలో ఎవరైనా నాకొకటే.”

కాసేపు బేరమాడాక ఒక ఒప్పందం కుదిరింది. ఖాళీ గుమ్మానికి అంతకంటే భయంకరమైన బొమ్మ గీసివ్వాలి. కిరీటి అక్కడే సిమెంటు బస్తా మీద కూర్చుని, తన కోపమంతా చేతిలోకి తెచ్చుకుని, కళ్ళజోడు పెట్టుకుని మర్యాదగా నవ్వుతున్న ఒక ముఖం గీశాడు. కోరపళ్ళు కూడా పెట్టలేదు. సుబ్బాయమ్మగారు చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. “అమ్మో, ఇది నయం. దీన్ని చూస్తే నాకే ఇంట్లోకి వెళ్ళబుద్ధి కావట్లేదు.” (ఆనాటి నుంచి పూర్ణచంద్రరావుగారి హాజరు అంగలకుదురులో పడుతోంది. ఆయన ఆఫీసులో ఎవరికీ తేడా తెలియలేదు.)

మర్నాడు ఉదయం రేవులో పడవలన్నిటికీ పసుపు రాసి, కొబ్బరికాయలు కొట్టారు. వీరాస్వామి అసలుగారిని పడవ ముందు కొయ్యకు కట్టాడు. రేవు కాపలాదారు ఫోను పెట్టగానే గాలి వీచింది, అసలుగారు కళ్ళార్పారు. ‘శుభోదయము వీరాస్వామి గారూ, వేటకు వెళ్ళి రండి’ అని ఫోను పలికింది. తరువాత వీరాస్వామిని చూసి కాపలాదారు కాసేపు ఇబ్బంది పడి, ఆయన్ని సామాన్ల పట్టీలో ఐసుపెట్టెల గడిలో రాసుకున్నాడు. కోటమ్మ నీళ్ళలోకి మోకాళ్ళ దాకా దిగి, మొగుడి వైపు కాకుండా బొమ్మ వైపు వేలు చూపించి, “ఆయన్ని జాగ్రత్తగా వెనక్కి తీసుకురా. నీ పేరూ పడవా ఆయన మీదే ఉన్నాయి” అంది. పడవ దిగింది. ఆ ముసలాయన మొహంలో వెలుగు చూడాలి మీరు! నాకే కళ్ళు చెమర్చాయి, సముద్రపు గాలి అని సర్దుకున్నాను.

కొన్నాళ్ళు బ్రహ్మాండంగా సాగింది. వలలు నిండాయి. అసలుగారి హస్తవాసి మంచిదని పక్క పడవలవాళ్ళు కూడా ఒక నమస్కారం పెట్టుకునేవాళ్ళు. (హస్తం లేదని కిరీటి గుర్తుచేస్తూనే ఉన్నాడు.) ఆ తరువాత ఒక ఈదురుగాలి రోజున పెద్ద అల ఒకటి ముందు కొయ్య మీదుగా ఎగిరిపడింది. పడవకు ఏమీ కాలేదు. మనుషులకు ఏమీ కాలేదు. బొమ్మ పోయింది. నీళ్ళ మీద వెల్లకిలా తేలుతూ రెండుసార్లు కళ్ళార్పి మునిగిపోయిందని వీరాస్వామి చెప్పాడు.

పడవ రేవుకు చేరింది. యాప్ ముఖం అడిగింది. ఇవ్వడానికి లేదు, ఊళ్ళలో మిగిలిన బొమ్మలన్నీ నకళ్ళే. ‘యజమాని తిరిగి రాలేదు’ అని నమోదు చేసి, ఏకముఖి రెండు నిమిషాల మౌనం పాటించింది. మేమంతా దాన్ని సర్వరు సమస్య అనుకున్నాం.

ఇన్నాళ్ళలో వీరాస్వామి ఎన్ని మెట్లెక్కినా ఒక్క కాగితం కదలలేదు కదా. ఇప్పుడు పూర్ణచంద్రరావుగారే స్వయంగా బాపట్ల నుంచి పూలదండతో ఇంటికొచ్చాడు. (హాజరు అంగలకుదురులోనే పడింది.) అప్పటికి వీరాస్వామి వసారాలో కూర్చుని చేపల పులుసుతో అన్నం తింటున్నాడు. మేమూ అక్కడే ఉన్నాం. పూర్ణచంద్రరావుగారు దండ ఎక్కడ వేయాలో తెలియక కోటమ్మ చేతికిచ్చి, “చాలా పెద్ద లోటమ్మా” అన్నాడు. తరువాత వీరాస్వామి వైపు తిరిగాడు.

“మీరు పోయినాయనకు ఏమవుతారండీ?”

వీరాస్వామి ముద్ద మింగాడు. ఇన్నాళ్ళ తిరుగుడులో ఆయనకు చాలా తెలిసొచ్చింది. “నకలునండి.”

పూర్ణచంద్రరావుగారి ముఖం తేలికపడింది. యజమాని పోయినట్టు ధ్రువీకరిస్తే పడవ భార్య పేరు మీదికి వెంటనే మారుతుందట, అనుమతి కూడా అక్కడికక్కడే వస్తుందట, రేపు పొద్దున్నే పడవ దిగొచ్చట. చివరిసారి చూసినవాళ్ళో, భార్యో ఎవరో ఒకరు పోయాడని చెప్పి సంతకం పెడితే చాలట. కోటమ్మ గారి ముఖం తాజాగా నమోదు చేయాలి, అంతే. ఆ మాట వినగానే కిరీటి అలవాటుగా జేబులోంచి పెన్సిలు తీశాడు. కోటమ్మ వాడి వైపు ఒక చూపు చూసింది. పెన్సిలు జేబులోకి వెళ్ళిపోయింది.

“కళ్ళెదుట అన్నం తింటున్నాడు కదయ్యా మనిషి! నుదుట ఇంత బొట్టు పెట్టుకుని నా మొగుడు పోయాడని నా నోటితో చెప్పమంటావా?”

“బొట్టు సంగతి మా పరిధిలోకి రాదమ్మా.”

“రాదు! ఏదీ రాదు మీ పరిధిలోకి!” కోటమ్మ దండ విసిరికొట్టింది. “పడవ ఇసకలో కుళ్ళిపోయినా సరే. కాగితం మీదైనా సరే, నేనా మాట అనను. అంటే నా నోరు పడిపోతుంది.” గట్టిగా మొదలుపెట్టిన మనిషి చివరికొచ్చేసరికి ఏడ్చేసింది. నేను సంస్కృత పదాలన్నీ వెతుక్కున్నాను, ఒక్కటీ పనికిరాలేదు.

వీరాస్వామి కంచం పక్కకు జరిపి, చెయ్యి కడుక్కుని, లుంగీకి తుడుచుకుని వచ్చాడు. ఆమె పక్కన కూర్చుని, “ఊరుకోవే. నువ్వు అనక్కర్లేదులే, నేనంటాను. రేపు గాలి బాగుంది” అన్నాడు. పూర్ణచంద్రరావుగారి దగ్గర పెన్ను తీసుకుని అడిగాడు. “చివరిసారి చూసింది నేనేనండి. ఎక్కడ పెట్టమంటారు?”

నిబంధన వెతికి చూశారు. అసలు మరణించిన పక్షంలో నకలు సంతకం చెల్లును అని ఉంది.

ఆ సీజనంతా ఏ కాగితం మీదా చెల్లని వీరాస్వామి సంతకం, ఆయన మరణ ధ్రువీకరణ మీద మాత్రం మొదటిసారికే చెల్లింది.